తిన్న అన్నం అసలు ఎక్కడికి పోతుంది? మెటబాలిజం తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

ఫుల్‌మీల్స్ బాబు:

నమస్తే అందరికీ. చాలా రోజులుగా బుర్రలో తిరుగుతున్న డౌట్ ఇది. నెట్‌లో వెతికితే ఒకరు చెప్పినదానికి ఇంకొకరు పూర్తిగా రివర్స్ చెబుతున్నారు, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

నాకు నలభై దాటింది, కూర్చుని చేసే ఉద్యోగం. మా ఆవిడా నేనూ ఒకే కుక్కర్లో అన్నం, ఒకే గిన్నెలో కూర తింటాం. నాకు పొట్ట తప్ప ఇంకెక్కడా పెరగదు, తను మాత్రం "నేను మంచినీళ్లు తాగినా ఒళ్లొచ్చేస్తుంది" అంటుంది. జిమ్‌లో ట్రైనర్ని అడిగితే, "సార్, ముప్ఫై దాటగానే మీ మెటబాలిజం స్లో అయిపోయింది, రాత్రి తిన్న అన్నం మొత్తం కొవ్వే, మానేయండి" అన్నాడు. పనిలో పనిగా ఫ్యాట్ బర్నర్ డబ్బా ఒకటి చూపించాడు, అది ఇంకా కొనలేదు లెండి. అన్నం మాత్రం మానేసి చూశా. మొదటి వారంలోనే రెండు కేజీలు తగ్గేసరికి తెగ సంబరపడ్డా, తర్వాత చుట్టాల పెళ్లికి వెళ్లి రెండు పూటలు సుష్ఠుగా భోంచేసేసరికి తగ్గినదంతా మళ్లీ వచ్చి కూర్చుంది. ఇదేం లెక్కో అంతుపట్టలేదు.

నేనడిగేది డైట్ చార్ట్ కాదు, దయచేసి ఎవరూ చార్టులు పెట్టకండి. అన్నం లోపలికి వెళ్లాక ఏం జరుగుతుంది, అది "శక్తి"గా మారడం అంటే ఏంటి, "కేలరీలు బర్న్ అవుతాయి" అంటారు కదా, లోపల మంటేమైనా ఉందా? బయాలజీ పదో తరగతితోనే వదిలేశా, ఆ లెవెల్లో చెబితే చాలు.

---

చాక్‌పీస్ మాస్టారు:

బాబుగారూ, డైట్ అడిగి ఉంటే నేనీ పక్కకే వచ్చేవాణ్ణి కాదు. ఇంటర్ పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి కాస్త సాగదీస్తాను, ఓపిక పట్టండి.

అంతా నోట్లోనే మొదలవుతుంది. కూర కలపకుండా ఉత్త అన్నం ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, మింగకుండా నములుతూ ఉండండి, కాసేపటికి తియ్యగా తగులుతుంది. లాలాజలంలో ఉండే అమైలేజ్ అనే ఎంజైమ్ పిండిపదార్థాన్ని చిన్న చిన్న చక్కెర ముక్కలుగా కోస్తోందన్నమాట. దీన్నే ల్యాబ్‌లో చేయించేవాళ్లం. పల్చటి గంజి రెండు టెస్ట్‌ట్యూబుల్లో పోసి, ఒకదాంట్లో ఉమ్మి కలిపి, రెండూ గోరువెచ్చటి నీళ్లలో నిలబెట్టి, కొన్ని నిమిషాలకోసారి ఒక్కో చుక్క పలక మీద వేసి అయోడిన్ తగిలిస్తే, ఉమ్మి కలపనిది ఎప్పుడు చూసినా నల్లటి నీలంగానే తిరుగుతుంది. రెండోది మాత్రం నీలం నుంచి ఎర్రటి గోధుమ రంగుకి దిగి, చివరికి అయోడిన్ పసుపే మిగులుతుంది. పిండి అయిపోయింది! ఆ ఉమ్మి ఎవరిది వాడాలన్న దాని మీద మాత్రం ఏటా గొడవే.

మిగిలిన కోత పని చిన్నపేగులో పూర్తవుతుంది, క్లోమం నుంచి వచ్చే ఎంజైములు, పేగు గోడ మీద ఉండే ఎంజైములు కలిసి చేస్తాయి. చివరికి అన్నంలోని పిండి అంతా గ్లూకోజే. అది పేగు గోడ దాటి రక్తంలో పడి ముందుగా కాలేయానికి వెళ్తుంది.

ఇక్కడ ఒక లెక్క చూడండి, నాకు ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ ఆశ్చర్యం కలిగించేది ఇదే. వండిన అన్నం 250 గ్రాములు, అంటే మనవాళ్లకి ఓ మోస్తరు ప్లేటు, అందులో పిండిపదార్థం దాదాపు 70 గ్రాములు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒంట్లో ఉన్న రక్తం మొత్తం కలిపినా, పరగడుపున అందులో ఉండే గ్లూకోజు 4, 5 గ్రాములు, టీ స్పూనుడు చక్కెరంత. స్పూనుడు ఉన్నచోటికి రెండు మూడు గంటల్లో 70 గ్రాములు వచ్చిపడుతుంటే షుగర్ రీడింగ్ వెయ్యి దాటిపోవాలి కదా? షుగర్ జబ్బు లేనివాళ్లకి 90 ఉన్నది 130కో 140కో వెళ్లి మళ్లీ దిగొచ్చేస్తుంది. అంటే వచ్చింది వచ్చినట్టే ఎవరో పట్టుకుపోతున్నారు.

ఎవరంటే, మెదడు గంటకి 5 గ్రాముల చొప్పున పగలూ రాత్రీ లాగేసుకుంటూనే ఉంటుంది, దానికి ఇన్సులిన్ (గ్లూకోజుని కణాల్లోకి పంపే హార్మోను) అనుమతి కూడా అక్కర్లేదు. కాలేయం కొంత పట్టుకుని గ్లైకోజెన్ అనే రూపంలో దాస్తుంది, దాని సామర్థ్యం 100 గ్రాముల చుట్టూ. పెద్ద వాటా కండరాలది. ఇన్సులిన్ వచ్చి చెప్పగానే కండర కణాల్లో గ్లూకోజు దారులు తెరుచుకుంటాయి, అవి 400 గ్రాముల దాకా దాచగలవు. తేడా ఏంటంటే కండరం దాచుకున్నది ఆ కండరమే వాడుకోవాలి, తిరిగి రక్తంలోకి గ్లూకోజుగా వదలలేదు. కాలేయం దాచింది మాత్రం ఒళ్లంతటికీ. మనం రాత్రి పడుకున్నప్పుడు షుగర్ పడిపోకుండా కాసేది అదే.

మీ రెండు కేజీల రహస్యం కూడా ఇక్కడే ఉంది. గ్లైకోజెన్ ఒక్కో గ్రాము తనతోపాటు 3 గ్రాముల దాకా నీళ్లని పట్టుకుని ఉంటుంది. అన్నం మానేసిన వారంలో ఆ నిల్వ చాలావరకు ఖర్చయిపోయింది, నీళ్లు మూత్రంలో పోయాయి. పెళ్లి భోజనంతో నిల్వా నిండింది, నీళ్లూ వచ్చాయి. ఆ రాకపోకల్లో కొవ్వు వాటా చాలా తక్కువ.

ఇప్పుడు కణం లోపలికి వద్దాం. ఆరు కార్బన్ల గ్లూకోజుని కణం ముందు మూడేసి కార్బన్ల పైరువేట్ ముక్కలు రెండుగా విరుస్తుంది. దీనికి ఆక్సిజన్ అక్కర్లేదు, మిగిలేది కూడా 2 ఏటీపీలే (ఏటీపీ అంటే ఫాస్ఫరస్ ఉండే చిన్న అణువు, కణం ఖర్చుపెట్టే చిల్లర డబ్బు లాంటిది). మామూలుగా ఆ ముక్కలు కణంలోని శక్తి కేంద్రాలైన మైటోకాండ్రియాలోకి వెళ్లి క్రెబ్స్ వలయం అనే రసాయన చర్యల చక్రంలో పడతాయి. 1937లో షెఫీల్డ్‌లో హాన్స్ క్రెబ్స్ తేల్చిన వలయం ఇది. ఆ పేపరుని నేచర్ పత్రిక వెనక్కి పంపేస్తే ఆయన ఇంకో పత్రికలో వేయించుకున్నాడు, 1953లో నోబెల్ వచ్చింది. ఈ వలయంలో తిరిగేసరికి కార్బన్లన్నీ కార్బన్ డయాక్సైడ్‌గా ఊడిపోతాయి. హైడ్రోజన్లలోని ఎలక్ట్రాన్లు మాత్రం మైటోకాండ్రియా లోపలి పొర మీద చేతులు మారుతూ చివరికి ఆక్సిజన్‌ని చేరతాయి, అక్కడ నీరు తయారవుతుంది. మనం నిమిషం కూడా ఆపకుండా గాలి పీల్చేది ఈ ఆఖరి మెట్టు కోసమే.

ఎలక్ట్రాన్లు అలా దిగేటప్పుడు వదిలే శక్తితో మైటోకాండ్రియా ప్రోటాన్లని (ఎలక్ట్రాన్ ఊడిన హైడ్రోజన్లని) పొరకి ఒకవైపుకి తోడేస్తుంది. సాగర్ డ్యామ్‌లో నీళ్లు ఎత్తున నిలబెట్టి టర్బైన్ గుండా వదులుతారు చూడండి, అలాగే ఆ ప్రోటాన్లు కిందికి రావడానికి ఏటీపీ సింథేజ్ అనే ఒకే దారి ఉంటుంది, అది నిజంగానే గిరగిరా తిరుగుతుంది, తిరుగుతూ ఏటీపీ తయారుచేస్తుంది. పీటర్ మిచెల్ 1961లో ఈ మాట చెప్పినప్పుడు చాలామంది కొట్టిపారేశారు, 1978లో నోబెల్ ఇచ్చారు. అంతా కలిపి ఒక గ్లూకోజుకి 30 నుంచి 32 ఏటీపీలు వస్తాయి. మా కాలం పుస్తకాల్లో 36, 38 అని ఉండేది, మీరు ఎక్కడైనా ఆ అంకె చూస్తే అది పాత లెక్క.

మీరడిగిన "శక్తి" అంటే ఆచరణలో ఈ ఏటీపీయే. కన్ను ఆర్పాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా, ఈ అక్షరాలు చదివి మెదడు గుర్తుపట్టాలన్నా ఏటీపీ విరగాలి. ఏ క్షణంలోనైనా ఒంట్లో ఉండేది వంద గ్రాముల లోపే, కానీ రోజంతా విరిగి మళ్లీ అతుక్కునే దాన్ని కూడితే దాదాపు మన బరువంత అవుతుంది.

ఈ ఏటీపీ కథలో మన భీమవరం మనిషి ఉన్నాడు, చెప్పకుండా ఉండలేను. 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టాడు, బయోకెమిస్ట్రీ చదివినవాళ్లకి ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అంటే ఇప్పటికీ తెలుసు. ఆ కొలతతోనే 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే, కండరం శక్తి దాచుకునే పదార్థం బయటపడింది. కండరం ముడుచుకోవడానికి కారణం లాక్టిక్ ఆసిడ్ అని అప్పటిదాకా అనుకునేవాళ్లు, కండరంలో లాక్టిక్ ఆసిడ్ మీద చేసిన పనికి 1922 నోబెల్ కూడా ఇచ్చేసి ఉన్నారు, ఈ పనితో ఆ సిద్ధాంతం కాళ్ల కింద నేల కదిలింది. 1929లో ఏటీపీని జర్మనీలో కార్ల్ లోమన్, ఇటు ఫిస్కే, సుబ్బారావు విడివిడిగా పట్టుకున్నారు. 1995లో ఆయన శతజయంతికి తపాలా బిళ్ల వేశారు. మన పిల్లల్లో ఎంతమందికి ఆయన పేరు తెలుసో నేను క్లాసులో అడిగేవాణ్ణి, జవాబు ఇక్కడ రాయను.

మంట సంగతి. 1780ల్లో లావోజియే అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఒక గినీ పందిని మంచు నింపిన పెట్టెలో పెట్టి, అది ఎంత మంచు కరిగించింది, ఎంత గాలి మార్చింది అని కొలిచి, బొగ్గు కాలినప్పటి లెక్కతో పోల్చి, ఊపిరి తీయడమూ ఒకరకమైన దహనమే అన్నాడు. చివరికి వచ్చేవి రెండింట్లోనూ కార్బన్ డయాక్సైడు, వేడే. పొయ్యిలో ఒక్కసారిగా అయ్యేది మన కణాల్లో 37 డిగ్రీల దగ్గర మెట్టు మెట్టుగా అవుతుంది. అయినా సగానికి పైగా శక్తి వేడిగానే పోతుంది, మన ఒళ్లు వెచ్చగా ఉండేది అందుకే.

---

ఎంపీసీ బాధితుడు:

మాస్టారూ దండం. ఇంటర్లో మీలాంటి వాళ్లు దొరికి ఉంటే బైపీసీ తీసుకునేవాణ్ణేమో.

కానీ బాబు అన్న అడిగిన అసలు పాయింట్లు మిగిలే ఉన్నాయి కదా. రాత్రి అన్నం కొవ్వవుతుందా అవదా? ఆ ఫ్యాట్ బర్నర్ పనిచేస్తుందా? మా రూమ్మేట్ ఒకటి తెప్పించుకుని వాడుతున్నాడు, డబ్బా మీద థర్మోజెనిక్ (అంటే ఒంట్లో వేడి పుట్టించేదట) అని బెత్తెడు అక్షరాలతో ఉంది, లోపల ఏముందో మాత్రం భూతద్దం పెట్టినా కనపడదు. వాడికి రాత్రిళ్లు నిద్ర లేదు, ఊరికే చెమటలు, గుండె దడ. "పనిచేస్తోంది రా, ఫీలవుతున్నా" అంటాడు. ఎవరైనా డాక్టర్లుంటే చెప్పండి, చూపిస్తా వాడికి.

---

వార్డు రౌండ్స్:

జనరల్ మెడిసిన్ చేస్తున్నాను. ముందు రూమ్మేట్ సంగతి, ఎందుకంటే అది అర్జెంటు. బ్రదర్, ఆ డబ్బా ఆపేయించండి, దడ తగ్గకపోతే ఈసీజీ తీయించండి. ఇలాంటి వాటిలో మామూలుగా ఉండేది కెఫీన్, గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ లాంటివి. కెఫీన్ ఒంటి శక్తి ఖర్చుని కాస్త పెంచుతుంది, నిజమే, కానీ ఆ పెరిగేది ఒక బిస్కెట్ తింటే సరి. గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ ఎక్కువ మోతాదులో లివర్ దెబ్బతిన్న కేసులు ఉన్నాయి. లేబుల్ మీద రాయనివి కలిపితే ఇక చెప్పేదేముంది.

నిజంగా "మెటబాలిజం పెంచే" మందు ఒకటి ఉండేది. డైనైట్రోఫినాల్, డీఎన్‌పీ అంటారు. 1930ల్లో అమెరికాలో బరువు తగ్గడానికి తెగ వాడారు. మాస్టారు చెప్పిన డ్యామ్ ఉంది కదా, ఇది ఆ గోడకి చిల్లులు పెడుతుంది, ప్రోటాన్లు టర్బైన్ గుండా రాకుండానే జారిపోతాయి, ఏటీపీ రాదు, శక్తి అంతా వేడి. బరువు తగ్గింది, దాంతోపాటు కంటిపొరలు వచ్చాయి, ఒళ్లు లోపల్నుంచి ఉడికి మనుషులు చనిపోయారు. 1938లో అక్కడ దాన్ని మనుషులు తినడానికి పనికిరాదని తేల్చేశారు. ఇప్పటికీ నెట్‌లో దొంగచాటుగా అమ్ముతున్నారు, విరుగుడు మందు అంటూ లేదు. మెటబాలిజం స్పీడుగా ఉంటే మంచిదే కదా అనుకునేవాళ్లకి నేను ఎప్పుడూ ఈ కథే చెబుతాను.

బాబుగారూ, మీ ట్రైనర్ చెప్పిన "ముప్ఫై దాటగానే స్లో" అన్న మాట. 2021లో సైన్స్ పత్రికలో దీని మీద పెద్ద అధ్యయనం వచ్చింది. 8 రోజుల పసికందు నుంచి 95 ఏళ్ల వాళ్ల దాకా, 29 దేశాల్లో 6,400 మందికి పైగా మనుషుల రోజువారీ శక్తి ఖర్చుని చూశారు. మామూలు వాటికంటే బరువైన ఆక్సిజన్, హైడ్రోజన్ ఉన్న నీళ్లు తాగించి, అవి మూత్రంలో ఎంత వేగంగా తగ్గిపోతున్నాయో కొలిచి, మనిషి రోజుకి ఎంత కార్బన్ డయాక్సైడ్ వదులుతున్నాడో లెక్కకట్టే పద్ధతి అది. ఒంటి సైజుకి సరిచేసి చూస్తే 20 నుంచి 60 ఏళ్ల దాకా గీత నిటారుగా... అంటే అడ్డంగా సాఫీగా పోయింది, తగ్గలేదు. 60 తర్వాత ఏడాదికి 0.7 శాతం చొప్పున తగ్గడం మొదలైంది. అందరికంటే ఎక్కువ ఖర్చు ఏడాది పిల్లలది, సైజుతో పోలిస్తే పెద్దవాళ్ల కంటే 50 శాతం ఎక్కువ. కాబట్టి నలభైల్లో పొట్ట వచ్చిందంటే నెపం మెటబాలిజం మీద వేయడం కుదరదు. కదలిక తగ్గింది, కండ తగ్గింది, నిద్ర తగ్గింది, టీలు పెరిగాయి. టీ మనకి తిండి లెక్కలోకి రాదు కదా! రెండేసి స్పూన్ల చక్కెరతో రోజుకి నాలుగు టీలు తాగితే చక్కెర ఒక్కటే 160 కేలరీలు, పాలు వేరే.

మీ ఆవిడగారి విషయం. అదే అధ్యయనంలో ఆడ, మగ తేడా కూడా చూశారు, కండ, అవయవాల బరువు సరిచేస్తే తేడా లేదు. కానీ ఎవరూ సరిచేసి వడ్డించరు కదా. సగటున ఆడవాళ్ల ఎత్తు, కండ తక్కువ, కాబట్టి రోజు ఖర్చూ తక్కువ, మీ ఇద్దరికీ ఒకే గరిటెతో ఒకే కొలత పడితే మీకు సరిపోయింది ఆవిడకి మిగులుతుంది. అంతే తప్ప మంచినీళ్లకి ఒళ్లు రాదు. థైరాయిడ్ పరీక్ష ఒకసారి చేయించండి, మన దగ్గర ఆడవాళ్లలో ఎక్కువే. అయితే థైరాయిడ్ తక్కువైతే పెరిగే బరువు సాధారణంగా కొద్ది కేజీలే, అందులోనూ ఉప్పు, నీరు పట్టేయడం ఎక్కువ. ఇరవై కేజీలు పెరిగి థైరాయిడ్ వల్లే అంటే నేను ఒప్పుకోను.

ఖర్చు ఎక్కడవుతుందో కూడా చూడండి. రోజు మొత్తంలో 60 నుంచి 70 శాతం ఊరికే మంచం మీద పడి ఉన్నా అవుతుంది. బరువులో 2 శాతం ఉండే మెదడు ఆ విశ్రాంతి ఖర్చులో 20 శాతం తినేస్తుంది. కాలేయం, గుండె, కిడ్నీలు కూడా పెద్ద ఖర్చుగాళ్లే. కండరం మాత్రం విశ్రాంతిలో కేజీకి రోజుకి 13 కేలరీలు, కొవ్వు కేజీకి 4 కేలరీల పైచిలుకు. "కండ పెంచితే నిద్రలో కూడా కొవ్వు కరుగుతుంది" అని రీల్స్‌లో చెబుతుంటారు, కష్టపడి మూడు కేజీల కండ పెంచితే రోజుకి 40 కేలరీలు, అదీ సంగతి. కండ వల్ల అసలు లాభం వేరే. అన్నం తిన్నాక వచ్చిపడే గ్లూకోజుని పెట్టుకోవడానికి చోటు దొరుకుతుంది. పైగా కండరం కదిలితే ఇన్సులిన్ చెప్పకపోయినా ఆ దారులు తెరుచుకుంటాయి, అందుకే భోంచేశాక పదీ పదిహేను నిమిషాలు నడవమని షుగర్ పేషెంట్లకి చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది.

రాత్రి అన్నం. పిండిపదార్థాన్ని కొవ్వుగా మార్చే దారి కాలేయంలో ఉంది, కానీ మామూలుగా తినే మనిషిలో అది నడిచేది కొద్దిగానే. అన్నం వచ్చినప్పుడు ఒళ్లు ముందు దాన్ని ఖర్చుపెడుతుంది, అదే ప్లేట్లో ఉన్న వేపుడు నూనె, అప్పడం నూనె, నెయ్యి తీసుకెళ్లి కొవ్వు కణాల్లో దాచేస్తుంది. నిందంతా అన్నం మోస్తుంది, లోపల జమయ్యేది నూనె. రోజుల తరబడి అవసరానికి మించి తింటూ, కూల్‌డ్రింకులు తాగుతూ ఉంటే, ఇన్సులిన్ సరిగా పనిచేయని ఒంట్లో ఆ కాలేయం దారి కూడా జోరందుకుంటుంది, అదే స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ అని వస్తుంది. రాత్రికి సంబంధించినంతవరకు ఒక మాట నిజం, అదే అన్నం పొద్దున తిన్నప్పటి కంటే రాత్రి తింటే షుగర్ కాస్త ఎక్కువ పెరుగుతుంది. "మొత్తం కొవ్వే" అన్నది మాత్రం కల్పన.

---

కొర్రన్నం:

డాక్టర్ గారూ, మాస్టారూ, మీరు చెప్పేదంతా పుస్తకాల్లో బాగానే ఉంది. మా ఇంట్లో తెల్లన్నం ఆపేసి కొర్రలు, అండుకొర్రలు, రాగి సంకటి మొదలుపెట్టాం, నాకు బరువు తగ్గింది, మా అమ్మకి షుగర్ దిగింది. సిరిధాన్యాలు మెటబాలిజంని మార్చేస్తాయి, ఇది మేం కళ్లారా చూసింది. పాలిష్ పట్టిన బియ్యం విషం అంటే ఎవరూ ఒప్పుకోరెందుకో!

---

చాక్‌పీస్ మాస్టారు:

అమ్మగారికి షుగర్ దిగిందంటే సంతోషం, నేను కాదనడం లేదు. కారణం దగ్గరే నా పేచీ. ఎండు గింజ తూకంలో చూస్తే బియ్యానికీ కొర్రలకీ కేలరీల్లో పెద్ద తేడా లేదు, రెండింట్లోనూ ఎక్కువ భాగం పిండే, రెండూ ఆఖరికి అదే గ్లూకోజు, అదే పైరువేట్, అదే వలయం. మైటోకాండ్రియాకి అది సోనా మసూరి నుంచి వచ్చిందో సంకటి నుంచి వచ్చిందో తెలీదు. తేడా పీచులో ఉంది. పీచు ఉంటే కోత నెమ్మదిస్తుంది, గ్లూకోజు ఒక్కసారిగా రాకుండా సాగుతూ వస్తుంది. దానికి మించి, తెల్లన్నం మూడుసార్లు మారు వడ్డించుకునేవాడు కొర్రన్నం రెండోసారికే చేయి అడ్డం పెడతాడు. బరువు అక్కడ తగ్గింది. రాగిని పిండి చేసి పల్చగా జావ కాచుకుని బెల్లం వేసుకుంటే ఆ పీచు లాభం కూడా చాలావరకు పోతుంది, ఇది మాత్రం ఎవరూ చెప్పరు.

ఇంకొకటి, వండిన అన్నం చల్లారితే అందులో కొంత పిండి గట్టిపడి ఎంజైములకి లొంగకుండా పెద్దపేగు దాకా వెళ్లిపోతుంది. చద్దన్నం గొప్పదనం అంటూ వాట్సాప్‌లో తిరిగేదాంట్లో ఆ కొంత నిజం. కానీ ఆ భాగం చిన్నది, చద్దన్నం కదా అని కంచం నిండా పెట్టుకుంటే లాభమేమీ లేదు. రాత్రంతా బయట పెట్టిన అన్నంతో వేసవిలో కడుపు పాడైతే అది వేరే ఖర్చు.

---

ఫుల్‌మీల్స్ బాబు:

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. మా ఆవిడకి చదివి వినిపించా, గరిటె మాట దగ్గర నావైపు ఒక చూపు చూసింది. థైరాయిడ్‌కి శనివారం ఇస్తున్నాం.

రెండు అనుమానాలు మిగిలాయి. ఒకటి, ఎవరైనా నిజంగానే పది కేజీలు తగ్గారనుకోండి, ఆ కొవ్వు ఎటు పోయినట్టు? చెమటగానా, దొడ్డికి వెళ్లినప్పుడా? రెండోది, మా నాన్నగారికి షుగర్, డెబ్భై దాటాయి, టాబ్లెట్లు వాడుతున్నారు. నేను అన్నం మానేయడం చూసి ఆయన కూడా రాత్రి భోజనం మానేసి మజ్జిగ తాగి పడుకుంటున్నారు. మంచిదేనా?

---

చాక్‌పీస్ మాస్టారు:

మొదటిదానికి నేను చెబుతాను, రెండోది డాక్టరుగారికి వదిలేస్తా.

కొవ్వులో ఉండేది కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్. కరిగినప్పుడు అవి కార్బన్ డయాక్సైడు, నీరుగా మారతాయి తప్ప మాయం కావు. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇద్దరు ఆస్ట్రేలియా వాళ్లు అణువులు లెక్కపెట్టి చూపించారు. 10 కేజీల కొవ్వు పూర్తిగా ఖర్చయితే 8.4 కేజీలు కార్బన్ డయాక్సైడుగా ముక్కులోంచి పోతుంది, మిగతా 1.6 కేజీలు నీరుగా, అది మూత్రంలోనో చెమటలోనో ఆవిరిగానో పోతుంది. ఈ ప్రశ్న డాక్టర్లని, డైటీషియన్లని, ట్రైనర్లని అడిగితే ఎక్కువమంది వేడిగా, శక్తిగా మారిపోతుందన్నారట. ద్రవ్యరాశి శక్తిగా మారాలంటే అణుబాంబు కావాలి నాయనా!

అలాగని కుర్చీలో కూర్చుని గబగబా ఊపిరి వదిలితే తగ్గదు, కళ్లు తిరిగి పడిపోతారు. కణాలు పనిచేసి కార్బన్ డయాక్సైడ్ తయారుచేస్తేనే బయటికి పోవడానికి ఏదైనా ఉంటుంది.

---

వార్డు రౌండ్స్:

బాబుగారూ, ఇది ఇవాళే చూడండి. షుగర్ టాబ్లెట్లన్నీ ఒకటి కాదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఒక పూట తినకపోయినా షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్, గ్లైక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటివి అలా కాదు, అవి క్లోమాన్ని నొక్కి ఇన్సులిన్ తీయిస్తాయి, కడుపులో అన్నం ఉందా లేదా అన్నది వాటికి పట్టదు. పెద్దవయసు, కిడ్నీ కాస్త నెమ్మది, రాత్రి ఉత్త మజ్జిగ, తెల్లవారుజామున కాలేయం నిల్వ తగ్గే వేళకి షుగర్ 50కి పడిపోయి, చెమటలు పట్టి, మాట తడబడి, పక్షవాతం అనుకుని ఎమర్జెన్సీకి తీసుకొచ్చినవాళ్లని నేను డ్యూటీలో చాలామందిని చూశాను.

ఈ రాత్రి ఆయన్ని భోంచేయమనండి. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే పడుకునే ముందు ఒకసారి చూడండి, 70 కంటే తక్కువొస్తే వెంటనే మూడు నాలుగు స్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంట తర్వాత మళ్లీ చూడాలి, మగతగా ఉంటే నోట్లో ఏమీ పోయకుండా హాస్పిటల్‌కి తీసుకెళ్లాలి. భోజనం తగ్గించాలని ఆయనకి ఉంటే తప్పులేదు, కానీ ముందు మందు మోతాదు మార్చాలి, అది ఆయన్ని చూసే డాక్టరే చేయాలి. టాబ్లెట్ స్ట్రిప్ వెనక సన్నక్షరాలతో ఉన్న మందు పేరు చూసి ఇక్కడ రాయండి, కంపెనీ పేరు వద్దు. రెండు మందులు కలిపిన టాబ్లెట్ అయితే రెండు పేర్లూ.